ఎటు పోతున్నావని అడగొద్దు, ఇండికేటర్ వేయొద్దు

బయటికి పోయే మనిషిని ‘ఎక్కడికి?’ అని అడగొద్దని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. అడిగితే పోయిన పని కాదు. ఎవరన్నా నోరుజారి అడిగారంటే, చెప్పులు వేసుకున్న మనిషి మళ్లీ విడిచి లోపలికొచ్చి, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని అప్పుడు గడప దాటాలి. తహసీల్ ఆఫీసులో పాస్‌బుక్ పనికైనా, పిల్లకు సంబంధం చూడడానికైనా, బత్తాయి తోట బేరానికైనా ఇదే పద్ధతి. ఇంత పట్టింపున్న జనం చేతికి, ప్రతి మూలమలుపు దగ్గరా ‘నేనిప్పుడు ఎడమకు పోతున్నా, అందరూ చూసుకోండి’ అని దండోరా వేసే పరికరం ఒకటి ఇచ్చి, పైగా దాన్ని వాడమంటే ఎట్లా వాడతారు? కాబట్టి నల్గొండ క్లాక్ టవర్ దగ్గరా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనూ ఎవడూ ఇండికేటర్ వేయడని బాధపడే చదువుకున్నోళ్లు జర ఆగాలి. మన డ్రైవర్లు రూల్ తప్పుతున్నారని మీరనుకుంటున్నారు, వాళ్లు అంతకన్నా పాత రూల్ ఒకటి నిష్ఠగా పాటిస్తున్నారు.

ఈ సంగతి కార్ల కంపెనీలకు ఎవరూ చెప్పినట్టు లేరు. జనం ఇండికేటర్ వేయడం లేదంటే అది చూడముచ్చటగా లేకనే అయి ఉంటుందని తేల్చుకున్నట్టున్నారు, వెలిగి ఆరిపోయే లైటు తీసేసి ఉరికే లైటు పెట్టారు. ఈమధ్య వచ్చిన ఖరీదైన బండ్ల సైడ్ మిర్రర్ చూడండి, అద్దం వెనక డొప్పకు సన్నటి పట్టీ ఉంటుంది. ఇండికేటర్ వేయగానే డోర్ వైపు ఓ పసుపుపచ్చ వెలుగు పుట్టి, బయటి అంచుదాకా జారి, ఆరిపోయి, మళ్లీ మొదటికొస్తుంది. ఇంకో రకం ఏకంగా అద్దంలోనే ఉంటుంది, బాణం గుర్తులు ఒకదాని వెంట ఒకటి వెలుగుతూ పోతాయి. ఎడమ అద్దంలో ఎడమకు, కుడి అద్దంలో కుడికి. ఎడమ పక్క లైటు వెలిగిందంటేనే ఎడమకని తెలిసిపోయింది కదా, మళ్లీ అది ఉరకడం దేనికి అని అడిగే పిసినారులు కొందరుంటారు. పెండ్లికొడుకు పందిట్లోకి వచ్చినంక కూడా బ్యాండు వాయించడం దేనికి మరి?

ఇదేదో నిన్నమొన్నటి తెలివి అనుకోవద్దు. 1965లోనే అమెరికాలో ఫోర్డ్ థండర్‌బర్డ్ కారు వెనక లైట్లు ఇట్లా ఉరికాయి. ఒక్కో పక్క మూడేసి బల్బులు లోపలి నుంచి బయటికి వరుసగా వెలిగేవి. చిప్పులూ గిప్పులూ లేని కాలం గనుక డిక్కీలో చిన్న మోటారు ఒకటి తిరుగుతూ స్విచ్చులను ఒకదాని తర్వాత ఒకటి కలిపేది. ఒక మనిషి పక్క సందులోకి తిరుగుతున్నాడని వెనకవాడికి చెప్పడానికి ప్రత్యేకంగా మోటారు! అంతకన్నా ముందు, 1914 ప్రాంతంలో, మూకీ సినిమాల నటి ఫ్లోరెన్స్ లారెన్స్ బటన్ నొక్కితే కారు వెనక చెయ్యిలా లేచే ఏర్పాటు ఒకటి తయారు చేసిందని, పేటెంటు మాత్రం తీసుకోలేదని చెబుతారు. 1990ల చివర్లో మెర్సిడెస్ పెద్ద కార్లలో ఇండికేటర్ అద్దం డొప్ప మీదికి ఎక్కింది, 2010 తర్వాత ఆడి వాళ్లు ఉరికే లైటును ఫ్యాషన్ చేశారు, ఇప్పుడది జిల్లా కేంద్రంలోని కార్ డెకార్ షాపులో సీటు కవర్ల పక్కన వేలాడుతోంది. వందేళ్ల పైచిలుకు మానవ మేధస్సు మన గుమ్మం ముందుకొచ్చి నిలబడితే, మనం దాని స్విచ్ మీద చెయ్యి పెట్టకపోవడం నిజంగా స్థితప్రజ్ఞత.

ఈ ఉరకడానికీ లెక్కుంది. ఐక్యరాజ్యసమితి కింద తయారైన ఇండికేటర్ల రెగ్యులేషన్ ప్రకారం వెలుగు లోపలి నుంచి బయటికే పోవాలి, మొదలైన 200 మిల్లీ సెకన్లలో పట్టీ మొత్తం వెలిగి తీరాలి. అంటే సెకనులో అయిదో వంతు. చౌరస్తాలో పచ్చ లైటు పడ్డాక వెనకవాడు హారన్ కొట్టేందుకు తీసుకునే సమయం కూడా సుమారుగా ఇంతే, కాబట్టి అంతర్జాతీయ ప్రమాణాలు మనకు చేతకావని ఎవరూ అనడానికి లేదు. మన కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 కూడా తక్కువేం కాదు. రంగు అంబర్, అంటే నారింజ కలిసిన పసుపు, ఉండాలట, నిమిషానికి 60 సార్లకు తగ్గకుండా 120 సార్లకు మించకుండా మెరవాలట. ఎవరు కూర్చుని లెక్కపెడతారో గానీ, మన బండ్లలో చాలావాటికి ఆ సంఖ్య సున్నా. ఇక 1988 మోటారు వాహనాల చట్టంలోని 121వ సెక్షన్ మహా దయగలది, తిరిగే సంకేతం చెయ్యితో ఇవ్వాల్సిన చోట మెకానికల్ పరికరంతోనో ఎలక్ట్రికల్ పరికరంతోనో ఇచ్చినా సరిపోతుందంటుంది. చెయ్యి గురించి రాశారు, కరెంటు గురించి రాశారు, కాలు గురించి మాత్రం మర్చిపోయారు.

ఆ లోటు మన ఆటో అన్నలు పూడ్చారు. షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన సగం సీటు మీద కూర్చున్నవాళ్లకే ఈ విద్య దగ్గర్నుంచి కనపడుతుంది. డ్రైవర్ కుడికాలు బ్రేకు దగ్గర్నుంచి కదలదు, కదిలేది పక్కన కూర్చున్న ప్రయాణికుడి కాలు, ఎందుకంటే ‘అన్నా, జర కాలు బయట పెట్టు, తిప్పుతున్న’ అని డ్రైవర్ ఆర్డర్ వేస్తాడు. బొటనవేలికి హవాయి చెప్పు వేలాడుతూ ఆ కాలు రోడ్డు మీదికి వస్తుంది. కొంచెం బయటికొస్తే ఎడమకు తిరుగుతున్నట్టు, పాదం కిందికీ పైకీ ఊగితే ఆపుతున్నట్టు, ఊరికే వేలాడితే లోపల జాగా లేనట్టు. దీనికి బల్బు కాలిపోదు, ఫ్యూజు పోదు, వానలో తడిసినా పనిచేస్తుంది. వడ్ల సీజన్‌లో మిర్యాలగూడ మిల్లుల దిక్కు పోయే ట్రాక్టర్ల సంగతి ఇంకా సులువు. ట్రాలీకి వెనక లైటే ఉండదు గనుక ఇండికేటర్ అనే గొడవే రాదు, వడ్ల మీద కూర్చున్న మనిషి తువ్వాల ఊపితే తిరుగుతున్నట్టు, ఊపకపోతే నిద్రపోతున్నట్టు.

అట్లాగని ఇండికేటర్ వేసేవాళ్లే లేరని కాదు. వేసినవాళ్లు తీయరు. పానగల్ దగ్గర కుడి లైటు వేసిన బైకు ఊరు దాటి, చెరువు దాటి, ఇంకో మండలంలోకి పోయినా అది అట్లాగే కొట్టుకుంటూ ఉంటుంది. ఎదురొచ్చే ప్రతివాడూ చెయ్యెత్తి, వేళ్లు మూసి తెరిచి, మూసి తెరిచి చూపిస్తాడు. బండి మీదున్న పెద్దమనిషి ఇంతమంది నమస్తే పెడుతున్నారేమిటని మురిసిపోయి, తలూపి ముందుకు పోతాడు. పంచాయతీ ఎన్నికల ముందైతే నామినేషన్ వేసే ఆలోచన కూడా ఇట్లాగే పుడుతుందేమో.

ఇక దేవరకొండ రోడ్డు మీద ముందు పోయే లారీ కుడి ఇండికేటర్ వేసిందనుకోండి. దానికి అర్థాలు: నేను కుడికి తిరుగుతున్నా. లేదా, నువ్వు కుడి నుంచి దాటిపో, రోడ్డు ఖాళీగా ఉంది. లేదా, దాటొద్దు, ఎదురుగా బస్సు వస్తోంది. లేదా, పొద్దున కొండమల్లేపల్లిలో వేశాను, తీయడం యాదికి లేదు. ఈ నాలుగింట్లో ఏదో ఒకటి ఎంచుకోవడానికి వెనకవాడికి రెండు సెకన్లు టైముంటుంది, తప్పు ఎంచుకుంటే మళ్లీ పరీక్ష రాసే అవకాశం ఉండదు. ఇంత లోతైన సంకేతానికి ఇప్పుడు పరుగు కూడా నేర్పుతున్నారు, అంటే అర్థం కాని మాటను ఇంకా గట్టిగా చెబుతున్నారన్నమాట.

నాలుగు లైట్లూ ఒకేసారి వేసేవాళ్లది ఇంకో సంప్రదాయం. బండి చెడిపోయి రోడ్డు మీద నిలబడితే వేయడానికి కంపెనీవాడు ఎర్ర త్రికోణం బటన్ పెట్టాడు. మనవాళ్లు చౌరస్తాలో నేరుగా పోవడానికి వేస్తారు. ఎడమకు ఎడమ లైటు, కుడికి కుడి లైటు అయినప్పుడు, నేరుగా పోవాలంటే రెండూ వేయాలి కదా? తర్కంలో తప్పు పట్టండి చూద్దాం. అయితే పాత బండికి రెండు పక్కలా లైటు ఊరికే మెరిసేది. కొత్త బండికి ఎడమ బాణం ఎడమకు ఉరుకుతుంది, కుడి బాణం కుడికి ఉరుకుతుంది, వెనక స్కూటీ మీదొస్తున్న ఆడమనిషి ఈ కారు నడిమధ్యన చీలి రెండు పక్కలకూ పోతుందనుకుని బ్రేకు తొక్కి నిలబడిపోతుంది. ఆవిడ వెనక డీసీఎం వ్యాన్. డీసీఎం వెనక కథ మీకు తెలిసిందే.

నల్గొండ ప్రకాశం బజారులాంటి చోట అసలు అద్దమే తెరిచి ఉండదు. ఒక పక్క తోపుడుబండి, ఇంకో పక్క పార్కింగు చేసిన బైకుల హ్యాండిళ్లు, మధ్యలో కారు. అద్దాలు రెండూ మడిచి లోపలికి తోస్తేనే బండి కదులుతుంది. అద్దం లోపల బాణం ఉన్న రకమైతే, మడిచాక ఆ బాణం వెనకవాడికి కనిపించడం మానేసి డ్రైవర్ మొహం మీదికే మెరుస్తుంది. ఎటు తిరగాలో డ్రైవర్‌కే గుర్తుచేసే ఇండికేటర్ ప్రపంచంలో మన దగ్గరే ఉంది.

మా బామ్మర్ది తన పాత కారు అద్దాలకు ఈ ఉరికే పట్టీలు వేయించాడు. ఇంటి ముందు బండి పెట్టి, చీకటి పడేదాకా ఆగి, అందరినీ వాకిట్లోకి పిలిచాడు. ‘బావా, నువ్వు వెనకకు పోయి నిలబడు, ఇప్పుడు చూడు’ అని లోపల కూర్చుని కుడి వేశాడు, ఎడమ వేశాడు, పిల్లలు మళ్లీ మళ్లీ అంటే మళ్లీ మళ్లీ వేశాడు. వాళ్లమ్మ ‘ఎంతయిందిరా?’ అంటే ‘ఎంతయితే నీకెందుకే’ అన్నాడు, అంటే బాగానే అయింది. ముందువీ వెనకవీ బల్బులు కూడా తీయించి ఎల్‌ఈడీలు పెట్టించాడు. పాత బల్బు ఒక్కోటి 21 వాట్లు లాగేది, ఎల్‌ఈడీ అందులో కొంచెమే లాగుతుంది. ఇండికేటర్‌ను మెరిపించే రిలే ఒకటి లోపలుంటుంది, అది ఇంత తక్కువ కరెంటు పోతోందంటే బల్బు కాలిపోయిందనుకుని, యజమానిని హెచ్చరించడానికి టకటకటక అని రెట్టింపు వేగంతో కొట్టుకుంటుంది. దీన్ని ఆపడానికి, పాత బల్బంత కరెంటు లాగే రెసిస్టర్ వేయాలి. మావాడు వేయించలేదు, అది స్పోర్ట్స్ మోడల్ అని చెప్పుకుంటున్నాడు.

మర్నాడు ఆ బండిలోనే అందరం సాగర్ రోడ్డు దిక్కు బయల్దేరాం. మొదటి చౌరస్తాలో కుడికి తిప్పాడు, లైటు లేదు. రెండో చోట ఎడమకు తిప్పాడు, లైటు లేదు. వెనక ఆర్టీసీ బస్సు డ్రైవర్ తల బయటపెట్టి మావాడి ఇంట్లోవాళ్లను కూడా కలిపి ఏదో అన్నాడు. ‘అన్ని పైసలు పోసి లైట్లు పెట్టిస్తివి, వేయవేందిరా?’ అన్నాను. ‘మనం ఎటు పోతున్నమో ఆయనకెందుకు బావా? ఆయన బస్సు ఆయన నడుపుకోవాలె గని’ అన్నాడు. వెనక సీట్లోంచి వాళ్లమ్మ అందుకుంది: ‘పోయేటప్పుడు ఎటు అని అడగొద్దని ఎన్నిసార్లు చెప్పాలె అల్లుడా?’ నోరు మూసుకున్నాను. సాయంత్రం తిరిగొచ్చి గేటు ముందు బండి ఆపాక మాత్రం, ఎదురింటివాళ్లు అరుగు మీద కూర్చుని ఉండడం చూసి, ఇంజన్ బంద్ చేయకముందే ఎడమ ఇండికేటర్ వేసి రెండు నిమిషాలు అట్లాగే ఉంచాడు.

ఇట్లా ఖరీదైన వస్తువు వృథా పోవడం చూడలేక నేను ప్రభుత్వానికీ కంపెనీలకూ ఒక సలహా ఇస్తున్నాను. మన డ్రైవర్ జీవితంలో ఎప్పుడూ మర్చిపోని స్విచ్ ఒకే ఒక్కటుంది, హారన్. జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ దాకా ఆ స్విచ్ మీద చెయ్యి ఎత్తకుండా పోగల వీరులు మనలో ఉన్నారు. గేటు పడితే కొడతాం, గేదెలు వస్తే కొడతాం, పెట్రోల్ బంకులో ముందువాడు బండికి తాళంచెవి పెడుతుంటే కొడతాం. కాబట్టి ఇండికేటర్ మీటను తీసేసి, అద్దంలో ఉరికే ఈ లైటును హారన్‌కు కలపాలి. కొట్టినంతసేపూ రెండు అద్దాల్లోనూ ఉరుకుతుంది, డబ్బు వసూలవుతుంది, చూసేవాళ్లకు కన్నులపండువ, డ్రైవర్ ఎటు పోతున్నాడన్న రహస్యం కూడా భద్రంగా ఉంటుంది.

ఈ ఆలోచన మొదట నాకే తట్టిందన్న సంబరంతో బామ్మర్ది లైట్లు వేయించిన డెకార్ షాపుకు పోయి చెప్పాను. ఆయన ఒకరి బండికి ఫిల్మ్ అంటిస్తూ, తల కూడా ఎత్తకుండా, ‘హారన్ కనెక్షనా సార్? ఆ సెట్లు మొన్ననే అయిపోయినయి, సోమవారం మళ్లీ మాల్ వస్తది’ అన్నాడు.