శృంగార చిత్రాలు అల్మరాలోంచి జాబితాలోకి రావాలి

ఇటలీ చిత్రకారుడు జూలియో రొమానో గీసిన శృంగార భంగిమలను 1524లో రోమ్‌లో మార్కాంతోనియో రైమోండి రాగిరేకులపై చెక్కి అచ్చు వేశాడు. ‘ఇ మోది’ (భంగిమలు)గా పేరుపడిన ఆ బొమ్మలను చూసి ఆగ్రహించిన ఏడవ క్లెమెంట్ పోప్ రైమోండిని చెరసాలలో వేయించాడు. ప్రతులను నిషేధించారు, చిక్కినవాటిని ధ్వంసం చేశారు. రొమానో మాత్రం అదే ఏడాది ఇటలీలోనే ఉన్న మాంటువా నగరానికి వెళ్లి అక్కడి పాలకుడి కొలువులో కుదురుకున్నాడు. మా దృష్టిలో ఇక్కడ అసలు నేరం నగ్నత్వం కాదు, అచ్చు. ప్రభువుల ఏకాంత మందిరంలో చెల్లిన చిత్రం కాగితంపై పదిమందికీ అమ్ముడుపోవడమే చర్చికి మింగుడుపడలేదు.

నిషేధం వల్ల ఏం పోయిందో తెలియాలంటే ముందు ఆ పనితనం తెలియాలి. నున్నగా మెరుగుపెట్టిన రాగిరేకుపై బ్యూరిన్ అనే ఉక్కు పనిముట్టును అరచేత్తో తోస్తూ గీతలు తవ్వుతారు. చేతి ఒత్తిడి పెరిగితే గీత లావెక్కుతుంది, తగ్గితే సన్నబడుతుంది. వీపు కండకు, తొడ వంపుకు గుండ్రదనం ఆ హెచ్చుతగ్గుల వల్లే వస్తుంది. తర్వాత గాడుల్లో సిరా నింపి, రేకు పైభాగాన్ని తుడిచి, తడిపిన కాగితం పరచి రోలర్ల మధ్య నొక్కుతారు. తుడుపు సరిగా లేకపోతే బొమ్మంతా మసకబారుతుంది. కాగితం పొడిగా ఉంటే గాడిలోకి దిగక గీత తెగిపోతుంది. రాగి మెత్తని లోహం కాబట్టి నొక్కినకొద్దీ అరుగుతుంది, సన్నగీతలు ముందుగా మాయమవుతాయి. తొలి ప్రతులకు అంత విలువ ఉండేది అందుకే.

మనకు దక్కకుండా పోయినవి ఆ తొలి ప్రతులే. రచయిత పియత్రో అరెతీనో ఈ బొమ్మలకు 16 సానెట్లు అనే పద్యాలు రాశాడు, పుస్తకాలు వచ్చాయి, చెక్క అచ్చుల నకళ్లూ వచ్చాయి. చెక్కపై గీతను తవ్వరు, చుట్టూ ఉన్న చెక్కను తొలిచి గీతను నిలబెడతారు. మరీ సన్నగా నిలబెడితే విరిగిపోతుంది. అందువల్ల నకళ్లలో నీడలు మొరటుబారాయి, దేహాలు బల్లపరుపయ్యాయి. భంగిమలు జనంలో తిరుగుతూనే ఉన్నాయి, రైమోండి చేతిపనే పోయింది. బ్రిటిష్ మ్యూజియంలో నేడు ఒకే కాగితంపై అతికించిన తొమ్మిది ముక్కలున్నాయి. అభ్యంతరమనిపించిన భాగాలను ఎవరో కత్తిరించేశారు. రేకు అంచు కాగితంపై వేసే ముద్ర కూడా దాంతోనే పోయింది. అసలు కొలతలు చెప్పగలిగేది ఆ ముద్రే.

అప్పట్లోనే జాకొపో కరాలియో అనే మరో చెక్కుడు కళాకారుడు దేవతల ప్రణయాలను చెక్కాడు. దేహాలు ఇంచుమించు అవే, పేర్లే పురాణాలవి. వాటికి అంత గండం రాలేదు.

1896లో ఇంగ్లిష్ చిత్రకారుడు ఆబ్రీ బియర్డ్‌స్లీ ‘లైసిస్ట్రాటా’ అనే ప్రాచీన గ్రీకు నాటకానికి ఎనిమిది బొమ్మలు గీశాడు. 1898 మార్చిలో, క్షయతో మరణించేముందు, వాటిని నాశనం చేయమని ప్రచురణకర్త లెనార్డ్ స్మిదర్స్‌ను వేడుకున్నాడు. స్మిదర్స్ వినలేదు. పోయేవాడి కోరికను కాదనడం మాకూ బాధగానే ఉంది. అయినా ఆ నల్లని సిరా గీతలు లేని బియర్డ్‌స్లీని ఊహించలేం.

బ్రిటిష్ మ్యూజియం 1865లో ఇలాంటి వస్తువులకు ప్రత్యేక రహస్య విభాగం పెట్టింది. దాచడం కన్నా పెద్ద తప్పు అందులో మరొకటుంది. దేశం, కాలం, పని విధానం వేరైన వస్తువులను విషయం ఒక్కటేనని ఒకేచోట కుప్పవేయడం వల్ల అవి తమ సాటివాటి నుంచి విడిపోయాయి. ఏ కార్ఖానాలో పుట్టిందో పోల్చి చూసే వీలు తగ్గింది.

చూసేవారి వయసుపై ఆంక్ష పెట్టండి, మాకు అభ్యంతరం లేదు. మ్యూజియం జాబితాలో మాత్రం దాపరికం వద్దు. ప్రతి కాగితాన్నీ రెండువైపులా ఫొటో తీయాలి. వెనుక నుంచి వెలుగు పట్టి నీటిగుర్తును (కాగితం తయారీలోనే పడే గుర్తు), పక్క వెలుగులో రేకు ముద్రను నమోదు చేయాలి. ఎవరి చేతుల మీదుగా వచ్చిందో, ఎక్కడ కత్తిరించారో రాయాలి. ప్రదర్శనలో వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలమానం) దాటకూడదు. కొన్ని నెలలు చూపాక ఆమ్లరహిత అట్టల మధ్య చీకట్లో విశ్రాంతినివ్వాలి. పాత జిగురును వదిలించే పనిని నిపుణులైన కాగిత సంరక్షకులకే అప్పగించాలి, తొందరపడి తడిపితే పాత మరక కొత్తచోటికి పాకుతుంది.