ఫ్రీజర్‌లో ఉన్న నక్కగారికి

నక్కగారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి కొట్టేశాను. మీ వైపు కుశలం అనే మాట చెల్లిపోయి ఎనభై ఏళ్ళు దాటి ఉంటుంది. నా వైపు కూడా గొప్ప కుశలమేమీ లేదు, అందుకే ఈ ఉత్తరం.

మీరు ఫ్రీజర్‌లోకి వెళ్ళి ఇవాళ్టికి తొమ్మిది రోజులు. రెండు పొరల పాలిథీన్ సంచిలో, టోఫు (సోయా పాల పనీరు) డబ్బాకీ బఠాణీల పొట్లానికీ మధ్య, తోక మడిచి పడుకోబెట్టాను. ఇంకో అయిదు రోజులు ఓపిక పట్టాలి. "మీరు" అంటున్నానని నక్క వినయం అనుకోకండి. అసలు ఆ పేరే మీ మీద ఎవరో వేసిన నింద. వినయం నటించేది ఎవరో ఈ ఉత్తరం పూర్తయ్యేలోపు మనిద్దరికీ తెలిసిపోతుంది.

మన పరిచయం గుర్తుందా? పాత బట్టల అమ్మకంలో, గౌన్ల కుప్ప పక్కన. నేను మిమ్మల్ని చూడలేదు, తొక్కాను. సరిగ్గా తోక మీద. నక్క తోక తొక్కితే అదృష్టం అంటారు కదా, వెంటనే వంగి తీశాను. మెడకి చుట్టుకునే నక్కతోలు. నొక్కుకుపోయిన ముక్కు, గోళ్ళతో సహా నాలుగు కాళ్ళు, రెండు గాజు కళ్ళు. అందులో ఎడమది కాస్త మెల్ల. దవడ కింద ఒక స్ప్రింగు క్లిప్పు. మెడ చుట్టూ వేసుకుని ఆ క్లిప్పు పెట్టేస్తే మీ తోకని మీరే కరుచుకుని ఉండిపోతారు. 1930ల్లో, 40ల్లో ఇది గొప్ప ఫ్యాషన్. ఎలకల్ని పట్టిన నోటికి చివరికి దొరికిన ఉద్యోగం సొంత తోక పట్టుకోవడం. రిటైర్మెంటు కూడా లేదు.

నాకు మూడు పిచ్చులున్నాయి. మాంసం లేని వంట, అడవి జంతువులు, పాతకాలపు బట్టలు. ఎవరికైనా పరిచయం చేసుకునేటప్పుడు మూడూ ఒకే ఊపిరిలో చెప్పేదాన్ని, ఎదుటివాళ్ళు మెచ్చుకోలుగా తలూపేవాళ్ళు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. నేను మూడు దూర్చి, ఏ చప్పుడూ రావట్లేదని సంతోషపడుతూ ఉన్నాను. ఆ చప్పుడు మీరొచ్చాక వినపడింది.

ముందు ఫ్రీజర్ సంగతి చెప్పాలి. ఒకరోజు అలమర తెరిస్తే మీ మెడ దగ్గర బొచ్చు చిటికెడు ఊడి ఉంది. దులిపితే బియ్యపు గింజంత పురుగు. బట్టలు కొరికే చిమ్మట పిల్ల. చిమ్మట పెద్దయ్యాక ఏమీ తినదు, దానికి తినే నోరే ఉండదు. తిండంతా చిన్నప్పుడే, అదీ ఉన్ని, ఈకలు, బొచ్చు. కెరటిన్ అనే మాంసకృత్తుని అరిగించుకోగల అరుదైన జీవి అది. అడవి జంతువులంటే ప్రాణమని చెప్పుకు తిరిగే నేను, నా ఇంట్లోనే, నా కళ్ళముందే దొరికిన ఏకైక అడవి జీవిని చూసి చేసిన మొదటి పని చెప్పు తీయడం.

కలరా ఉండలు వేద్దామంటే ఆ వాసన బట్టల్ని పట్టుకుంటే వదలదు, పీల్చడం మంచిదీ కాదు. మ్యూజియంలలో పాత బట్టల్ని ఇలాంటి పురుగుల నుంచి కాపాడటానికి గడ్డకట్టిస్తారు. ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి రెండు వారాలు ఉంచితే గుడ్లతో సహా పోతాయి. అలా మీరు టోఫు పొరుగింటికి మారారు.

ఆ టోఫు కూడా అక్కడ ఊరికే లేదండి. గడ్డకట్టినప్పుడు లోపలి నీళ్ళు మంచు పలుకులై దాన్ని సన్నగా చీలుస్తాయి. కరిగించి పిండితే స్పాంజిలా అవుతుంది, పులుసు పీలుస్తుంది, నమిలితే కాస్త సాగుతుంది. సాగడం ఎందుకంటారా? మాంసంలా ఉండాలిగా! ఇది మీతో తప్ప ఎవరితోనూ అనలేను. మాంసం తిన్న రోజుల్లో దాని గురించి నేను ఇంతగా ఆలోచించలేదు. మానేశాక వేరే ధ్యాస లేదు. గోధుమ పిండి ముద్దని నీళ్ళలో పిసికి పిసికి, గంజంతా పోయాక మిగిలిన జిగురుని ఆవిరి మీద ఉడికించి, దాన్ని నారలు నారలుగా చీల్చుకుంటూ ఒక ఆదివారం మొత్తం గడిపేశాను. ఎండు పుట్టగొడుగులు నానబెట్టిన నీళ్ళని మందులా దాచుకుంటాను. ఇకెదా అనే జపాన్ రసాయన శాస్త్రవేత్త 1908లో సముద్రపు నాచు పులుసులోంచి గ్లుటమేట్ అనే పదార్థాన్ని వేరు చేసి, ఆ రుచికి ఉమామి అని పేరు పెట్టాడు. ఆ కథ భోజనానికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతాను, వాళ్ళు తింటున్నప్పుడే. పుట్టగొడుగు ఎంతసేపు వేయించినా ముద్దవకుండా నిలబడుతుంది చూశారా, దానికి కారణం కైటిన్. పురుగుల పెంకుల్లో, పీత డిప్పల్లో ఉండేది కూడా అదే. ఇది మాత్రం ఎవరికీ చెప్పను.

ఇంత కష్టానికీ నేను ఎదురుచూసే మెప్పు ఒకే ఒక్క వాక్యం: "అచ్చం మాంసంలాగే ఉందే!" ఆ మాట వింటే ఆకలి కూడా ఉండదు. సరిగ్గా అలాంటి మెప్పే మీకూ వస్తుంది. మిమ్మల్ని చూసిన వాళ్ళంతా అనేది ఒకటే, "అచ్చం బతికున్నట్టే ఉంది."

మొన్న ఒక స్నేహితురాలు భోజనానికొచ్చింది. మాంసం అంటే ఇష్టమున్న మనిషి. ఈసారి ఎలాగైనా మనసు మార్చేద్దామని ఆరు గంటలు పొయ్యి దగ్గరే ఉన్నాను. ఐసు ముక్కలు తెచ్చుకుంటానని వంటింట్లోకి వెళ్ళింది. కాసేపు ఏ చప్పుడూ లేదు. ఉత్త గ్లాసుతో తిరిగొచ్చి, కూర్చుని, పళ్ళెంలో నారలు నారలుగా ఉన్న ముక్కని ఫోర్కుతో ఒకసారి తిప్పి చూసి, చాలా మర్యాదగా అడిగింది: "ఇది నిజంగా పుట్టగొడుగులేనా?"

నేను చిమ్మట గురించి చెప్పాను. కెరటిన్ గురించి చెప్పాను. మ్యూజియంల గురించి చెప్పాను. ఆమె నమ్మింది, కానీ తినలేదు.

మీకు కోపం రాదంటే మీ రంగు గురించి ఒక మాట. అప్పట్లో అందరూ మోజుపడింది వెండినక్క మీద. నిజానికి అదేమీ వేరే జాతి కాదు, ఎర్రనక్కలోనే నల్లని వన్నె, బొచ్చు కొనల్లో తెలుపు. వాటిని 1890ల్లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలో బోనుల్లో పెంచడం మొదలుపెట్టారు. వెండినక్కని కొనలేని వాళ్ళ కోసం వ్యాపారులు ఇంకో ఉపాయం కనిపెట్టారు. మామూలు ఎర్రనక్క తోలుకి నల్ల రంగు అద్ది, బ్యాడ్జర్ అనే జంతువు తెల్ల వెంట్రుకల్ని ఒక్కొక్కటే జిగురుతో అంటించేవాళ్ళు. పులిని చూసి నక్క వాత పెట్టుకుందని మిమ్మల్ని ఎన్నాళ్ళుగా ఆడిపోసుకుంటున్నామో! వాత ఎవరు పెట్టారో, ఎవరికి పెట్టారో ఇప్పుడు తేలింది కదా. ఈ విషయం చదివి నేను చాలా బాధపడ్డాను. బాధపడుతూనే వంటింట్లోకి వెళ్ళి, సోయా ముద్ద పచ్చి మాంసంలా ఎర్రగా కనపడటానికి బీట్‌రూట్ రసం పోశాను.

అదే వెండినక్కల వంశాన్ని సైబీరియాలో 1959 నుంచి, బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టిన ప్రయోగంలో, మెతకగా ఉన్నవాటిని ఏరి ఏరి పెంచారు. కొన్ని తరాలకే కుక్కల్లా మనిషిని చూసి తోక ఊపడం మొదలుపెట్టాయట. మీ తోక సంగతి సరే, అది క్లిప్పులో ఉంది.

ఇక అసలు మాటకొస్తాను. మిమ్మల్ని వేసుకోవడానికి నా దగ్గర ఒక వాదన ఉండేది. మీరు ఎలాగూ పోయారు. నేను పుట్టకముందే పోయారు. నేను కొన్న డబ్బు ఏ వేటగాడికీ చేరలేదు. కొత్త బట్ట కొనే బదులు పాతది వాడితే భూమికి మేలు. ఈ వాదన ఎంత గట్టిదంటే, అద్దం ముందు నిలబడి మీరు నా మెడలో ఉన్నప్పుడు ఎప్పుడూ ఓడిపోలేదు.

ఇలాంటి వెసులుబాట్లు నాతోనే మొదలు కాలేదు లెండి. టోపీల మీద ఈకల పిచ్చి ముదిరిన కాలంలో ఫ్రాంక్ చాప్‌మన్ అనే పక్షి శాస్త్రవేత్త 1886లో న్యూయార్క్ వీధుల్లో రెండుసార్లు నడిచి, ఎదురైన ఆడవాళ్ళ టోపీలు లెక్కపెట్టాడు. 700 టోపీల్లో 542 మీద ఈకలున్నాయి. 40 రకాల పక్షుల్ని గుర్తుపట్టాడు. బైనాక్యులర్స్ మెడలో వేసుకుని తెల్లవారకముందే చెరువు గట్టున కూర్చుని నేను ఒక్క ఉదయంలో అన్ని రకాలు ఏనాడూ చూడలేదు. తెల్ల కొంగల కుచ్చు ఈకలు గుడ్లు పెట్టే కాలంలోనే వస్తాయి కాబట్టి వాటిని గూళ్ళ దగ్గరే చంపేవాళ్ళు, పిల్లలు ఆకలికి పోయేవి. దీని మీద మండిపడి 1889లో ఇంగ్లండులో ఎమిలీ విలియమ్సన్ ఒక సంఘం పెట్టింది. ఇప్పటి పక్షి సంరక్షణ సంఘం ఆర్‌ఎస్‌పీబీకి అదే మూలం. వాళ్ళ తొలినాళ్ళ నియమం నాకు నోటికొచ్చు: తిండి కోసం చంపని ఏ పక్షి ఈకలూ ధరించకూడదు, ఒక్క నిప్పుకోడివి తప్ప.

ఆ "తప్ప" దగ్గరే నేను చాలాసేపు ఆగిపోయాను. ఎంత మనుషుల్లాంటి మాట! నా జీవితమంతా ఆ మాట మీదే నడుస్తోంది. మాంసం ముట్టను, దూడ పొట్టలోంచి తీసిన రెన్నెట్‌తో విరగ్గొట్టిన చీజ్ తప్ప. తోలు వాడను, నాకంటే వయసులో పెద్దవైన బూట్లు తప్ప. ఏ ప్రాణికీ హాని చేయను, పట్టు గౌన్ల కోసం గూళ్ళలోనే ఉడికిపోయిన పురుగులు తప్ప, అలమరలో చిమ్మట తప్ప. మీరు నా నిప్పుకోడి.

వాదన ఓడిపోయింది ఒక పార్టీలో. ఇరవై ఏళ్ళుంటాయేమో, ఒకమ్మాయి దగ్గరకొచ్చి మీ వీపు నిమిరింది. "ఎంత మెత్తగా ఉందో! కొత్తవి ఎక్కడ దొరుకుతాయండీ?" అంది.

ఇది పాతదమ్మా, 1930ల నాటిది అని చెప్పాను. "అవును, అందుకే కొత్తది అడుగుతున్నా" అంది.

1962లో అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య జాక్వెలిన్ కెనెడీ చిరుతపులి చర్మం కోటు వేసుకుని కనపడితే అలాంటి కోట్లకి గిరాకీ ఎగబాకింది. అడవిలో ఉన్న చిరుతలకి ఆవిడ ఎవరో తెలియదు, అయినా ఆ ఫోటో ఖర్చు అవే కట్టాయి. అడవి జీవుల వ్యాపారానికి పగ్గాలు వేసే సైట్స్ ఒప్పందం కుదిరింది 1973 మార్చి 3న, అమల్లోకి వచ్చింది 1975లో. మార్చి 3ని ప్రపంచ వన్యప్రాణి దినోత్సవంగా జరుపుకునేది అందుకే. ఏటా ఆ రోజు నేను అందరికీ శుభాకాంక్షలు పంపుతాను. కిందటేడు పంపిన దానికి నా ఫోటో కూడా జతచేశాను. మెడలో మీరున్నారు. నవ్వుతున్నది మాత్రం నేనొక్కదాన్నే.

బతికున్న మీ జాతివాళ్ళని నేను సరిగ్గా చూసింది ఒక్కసారి. ఒక ప్రయాణంలో, తెల్లవారుజామున, మంచు మైదానంలో. ఆ నక్క తల ఒక పక్కకి వాల్చి, చెవులు ముందుకి పెట్టి, మంచు కింద ఎలక కదిలే చప్పుడు వింటోంది. ఎంతసేపు నిలబడిందో, నా వేళ్ళు మొద్దుబారాయి. ఉన్నట్టుండి విల్లులా పైకి లేచి తలకిందులుగా మంచులోకి దూరింది. కాసేపు తోక ఒక్కటే పైన. నక్కలు ఇలా దూకేటప్పుడు ఎక్కువగా ఈశాన్యం వైపు దూకుతాయనీ, ఆ దిక్కున దూకినప్పుడే ఎలక ఎక్కువసార్లు దొరుకుతుందనీ ఒక పరిశోధన చెప్పింది. భూమి అయస్కాంతాన్ని వాడుకుంటాయని శాస్త్రవేత్తల ఊహ. ఆ ప్రయాణం నుంచి ఇంటికొచ్చి అలమర తెరిచాను. మీరు హ్యాంగర్‌కి వేలాడుతూ ఉన్నారు. దిక్సూచి తీసి చూశాను, ఎందుకో అడగకండి. గోడవైపు, నైరుతికి తిరిగి ఉన్నారు.

ఆ తర్వాత మిమ్మల్ని మళ్ళీ వేసుకోలేదు. పారేయబుద్ధి కాలేదు, అమ్మితే ఆ ఇరవై ఏళ్ళ అమ్మాయే కొంటుంది. చివరికి ఒక దారి దొరికింది. తల్లిని పోగొట్టుకున్న అడవి జంతువుల పిల్లల్ని సాకే కేంద్రాలు కొన్ని పాత ఫర్ బట్టలు తీసుకుంటాయట. పిల్లలు ఆ బొచ్చులో దూరి, తల్లి దగ్గర ఉన్నట్టు వెచ్చగా పడుకుంటాయి. ఒక కేంద్రానికి ఉత్తరం రాశాను. పంపమన్నారు. పురుగు లేకుండా చూడమన్నారు, అందుకే ఈ ఫ్రీజర్. పిల్లలు మింగే ప్రమాదం ఉంది కాబట్టి గుండీలు, క్లిప్పులు, గాజు కళ్ళు తీసేసి పంపమన్నారు.

క్లిప్పు తీయడం సులువే. రెండు కుట్లు తెంపితే మీ తోక మీ నోట్లోంచి వచ్చేస్తుంది. కళ్ళ దగ్గరే ఇబ్బంది. సన్న మొన కత్తెర తెచ్చి టేబుల్ మీద పెట్టి నాలుగు రోజులైంది. ఎడమది ముందు తీయాలా కుడిది ముందు తీయాలా అని ఇప్పటికి రెండుసార్లు ఫ్రీజర్ తెరిచాను, రెండుసార్లూ టోఫు తీసుకుని మూసేశాను.

పుట్టగొడుగులు మాడుతున్న వాసన వస్తోంది. ఉంటాను.

ఇట్లు,
మీ ఒకప్పటి మెడ