ప్రోస్టేట్‌కి పరామర్శలు, పిన్నికి చీవాట్లు

పెళ్లి నుంచి ఇప్పుడే వచ్చాం. పట్టుచీర కూడా మార్చుకోలేదు, ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

మాట్లాడుకున్న బస్సు మగాళ్లు కేకేసిన ప్రతిచోటా ఆగింది. వాళ్లకేం, చెట్టు కనబడితే చాలు. మా పిన్ని పెట్రోల్ బంకు చూసి ఆపమంటే మాత్రం బాబాయి, "ఇందాకేగా వెళ్లొచ్చావ్, కాసేపు ఆపుకోలేవా?" అని బస్సంతా వినబడేలా అరిచాడు.

ఆపుకోలేదు బాబాయ్. నీ పిల్లల్ని కన్నప్పటి నుంచీ తుమ్మినా, దగ్గినా, గట్టిగా నవ్వినా చీర తడుస్తుంది. అందుకే పెళ్లిలో కూడా ముదురు రంగు చీర. అందుకే పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు తాగలేదు. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మంట, దానికి తోడు మలబద్ధకం. ముక్కీ ముక్కీ మూత్రాన్ని ఆపి ఉంచే కింది కండరాలు ఇంకాస్త వదులు.

అన్నట్టు, ఇదే బాబాయికి ప్రోస్టేట్ ఆపరేషన్ అయినప్పుడు యూరిన్ బ్యాగు పక్కన పెట్టుకుని హాల్లోనే కూర్చున్నాడు. వీధి వీధంతా యాపిల్స్ పట్టుకొచ్చింది. రాత్రి ఎన్నిసార్లు లేచాడో పాలబ్బాయికి కూడా తెలుసు! అప్పుడు ఎవరికీ సిగ్గనిపించలేదు.

కాన్పయితే మన ఇళ్లలో ఎంత హడావుడో. చెవుల్లో దూది, నడికట్టు, కాయం, పత్యం. తొమ్మిది నెలలు బరువు మోసి, కాన్పులో సాగిపోయిన కింది కండరాల గురించి మాత్రం ఒక్కళ్లు నోరు విప్పరు. వాటిని గట్టిపరిచే వ్యాయామం గురించి కెగెల్ అనే అమెరికా డాక్టరు 1948లోనే రాశాడు. గ్యాస్ బయటికి పోకుండా ఆపుకున్నట్టు లోపలికి, పైకి బిగించాలి. కొన్ని క్షణాలు ఉంచి పూర్తిగా వదలాలి. ఊపిరి బిగబట్టకూడదు. పూటకి ఎనిమిదిసార్లు, రోజుకి మూడు పూటలు, కనీసం మూడు నెలలు. మూత్రానికి కూర్చుని మధ్యలో ఆపి సాధన చేయకండి, అది మంచిది కాదు. సరిగ్గా బిగుస్తోందో లేదో తెలియకపోతే చూసి నేర్పించే ఫిజియోథెరపిస్టులు ఉన్నారు. పైసా ఖర్చులేని ఈ వ్యాయామం డిశ్చార్జి కాగితం మీద ఒక్క లైను రాస్తే ఆసుపత్రి ఆస్తులు కరిగిపోతాయా?

రాయరు. కోయడం మాత్రం వచ్చు. మా అత్తయ్య తెల్లబట్ట అవుతోందని వెళ్తే, నలభై కూడా నిండకుండానే "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకమ్మా" అని గర్భసంచి తీసేశారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15–49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. ఆంధ్రాలో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో ఎనిమిది. అన్నిట్లో పోటీపడే మనం ఇందులోనూ ముందే, చప్పట్లు కొట్టండి!

మొన్న అత్తయ్య దగ్గితే లీకవుతోందని మళ్లీ అక్కడికే వెళ్లింది. "ఈ వయసులో ఇది మామూలేనమ్మా" అన్నారట. ఫీజు ఒక్కటే మామూలుగా లేదు.