అరకు ఒక్కరోజు ట్రిప్పా? దానికన్నా బీచ్ రోడ్డులో ముంత మసాలా తిని ఇంటికెళ్లడం మేలు

చలి మొదలవగానే ఒక సలహా చక్కర్లు కొడుతుంది: "పొద్దున్నే రైలెక్కి అరకు చూసుకుని రాత్రికి వైజాగ్ వచ్చేయొచ్చు." వచ్చేయొచ్చు, కాదనను. చూడ్డమే కుదరదు.

లెక్క వేయండి. కిరండూల్ పాసింజరు విశాఖలో ఉదయం 7 లోపే బయల్దేరుతుంది. టైముకి నడిస్తే బొర్రా గుహలకి 10 ప్రాంతంలో, అరకుకి 11 ప్రాంతంలో చేరుతుంది. ఆ లైను వేసింది టూరిస్టుల కోసం కాదు. 1960లలో ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించడానికి వేశారు. అందుకే గూడ్సు బండ్ల కోసం పాసింజరు ఆగడం అక్కడ మామూలే. తిరుగు రైలేమో మధ్యాహ్నమే అరకు దాటిపోతుంది. మధ్యలో మిగిలేది మహా అయితే నాలుగు గంటలు, భోజనంతో కలిపి. పోనీ రైల్లో వెళ్లి బస్సులో దిగే ప్యాకేజీ తీసుకుంటే మ్యూజియం, పద్మాపురం తోట, థింసా గిరిజన నాట్యం, గాలికొండ వ్యూ పాయింటు అన్నీ గంటకొకటి చొప్పున చుట్టబెట్టి, బొర్రాని సాయంత్రానికి తోస్తారు. అప్పటికి పిల్లలు నిద్రకి పడతారు, పెద్దవాళ్లకి మోకాళ్లు పట్టేస్తాయి. ఆ గుహలో మెట్లు బోలెడు మరి!

రెండు రాత్రులు పెట్టుకోండి, ఒకటి అరకులో, ఒకటి పాడేరులో. కారు మాట్లాడుకుంటే అందులో ఒక చిన్న కిటుకుంది. డ్రైవరు మిమ్మల్ని పొద్దున విశాఖ స్టేషన్లో దించేసి, సామాన్లతో ఎస్.కోట ఘాటు మీదుగా బొర్రా స్టేషనుకి వచ్చేస్తాడు. రోడ్డు దాదాపు 90 కిలోమీటర్లు, రైలు కన్నా ముందో, కాస్త అటూఇటూగానో చేరతాడు. మీరు రైలు అందం చూసి బొర్రాలో ఖాళీ చేతులతో దిగుతారు. చాలామంది చేసే తప్పు ఇక్కడే: సూట్‌కేసులతో దిగి, గుహ దగ్గర వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక ఒకరిని బయట కాపలా ఉంచుతారు. ఆ కాపలా మనిషి చేతిలో చిప్స్ ప్యాకెట్టు ఉందా, కోతుల సంగతి ఆయనే చూసుకోవాలి.

విస్టాడోమ్ (పెద్ద అద్దాల కిటికీలు, అద్దాల పైకప్పు ఉన్న పెట్టె) దొరకలేదని దిగులు పడొద్దు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, డిసెంబరు శని ఆదివారాలకైతే తెరిచిన రోజే చూసుకోవాలి. కానీ నన్నడిగితే మామూలు పెట్టెలో కిటికీ సీటే మేలు. అద్దం అడ్డు లేదు, ఫొటోలో మీ ముఖం ప్రతిబింబం పడదు, టైడా దాటాక అడవి వాసన నేరుగా వస్తుంది. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి, లోయ ఎక్కువగా అటే కనిపిస్తుంది. సొరంగాలు వరసగా వస్తాయి, కిటికీలోంచి చేతులు, ఫోన్లు బయట పెట్టొద్దు.

గుహల్లోకి పొద్దున పూటే వెళ్లాలి. సున్నపురాయి మీద నీళ్లు కారుతూ ఉంటాయి కాబట్టి మెట్లు జారతాయి. అడుగు అరిగిపోయిన చెప్పులు వద్దు. తీరిగ్గా చూస్తే గంటన్నర పడుతుంది. కటికి జలపాతం దగ్గర్లోనే ఉంది గానీ జీపు దారి ఒళ్లు హూనం చేస్తుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి పోవద్దు. ఎండాకాలంలో అయితే ఎవరూ పోనక్కర్లేదు, ధార సన్నబడిపోతుంది.

ఇప్పుడు బొంగు చికెన్ గురించి. ఇది కడుపుమంట విషయం. దీని రహస్యం మసాలాలో లేదు, వెదురులో ఉంది. పచ్చి బొంగులో ఉండే నీరు వేడికి ఆవిరై, ఆ ఆవిరిలోనే ముక్క ఉడుకుతుంది. అందుకే నూనె, నీళ్లు అక్కర్లేదు. ఒకవైపు కణుపు మూసి ఉన్న బొంగులో చికెన్ కూరి, రెండోవైపు ఆకులతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ అరగంటకి పైనే కాల్చాలి. సీజన్లో రద్దీ పెరిగితే కొందరు ముందే వండిన కూరని నిన్నటి మాడిన బొంగులో దూర్చి, పైన ఐదు నిమిషాలు వెచ్చబెట్టి ఇచ్చేస్తారు. ఎండిన బొంగులో ఆవిరి పుట్టదు, పొగ వాసనే మిగులుతుంది. బొంగు పచ్చగా ఉందో లేదో చూడండి, మీ ముందే కూరమనండి, కాలేదాకా ఓపిక పట్టండి. "రెండు నిమిషాల్లో ఇస్తాం సార్" అన్నచోట కొనకండి, అంతే.

కాఫీ పొడి కొనేటప్పుడు ప్యాకెట్టు వెనక చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) శాతం చదవండి. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది కదా అని అరకు పేరున్న ప్రతి ప్యాకెట్టూ అదే అనుకుంటే పొరపాటు. చికోరీ కలిపితే తప్పేం లేదు, ఫిల్టరు కాఫీకి కొందరికి అదే ఇష్టం. కాఫీ ధర పెట్టి చికోరీ కొనడమే తప్పు. గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ దుకాణాల్లో కాఫీ, తేనె రెండూ దొరుకుతాయి. ఇక పసుపు పచ్చని వలిసె పూల చేలు నవంబరు, డిసెంబరుల్లో ఉంటాయి. అవి పార్కులు కావు, నూనెగింజల పంట. రీలు కోసం చేలో దిగి తొక్కితే రైతుకి ఆ మేరకు గింజ పోయినట్టే. గట్టు మీద నిలబడి తీసుకున్నా ఫొటో బాగానే వస్తుంది.

రెండో రోజు మధ్యాహ్నం పాడేరుకి కదలండి, సుమారు 45 కిలోమీటర్లు. అక్కడ రూములు అరకంత లేవు, ముందే మాట్లాడుకోవాలి. ఎందుకంటే మూడో రోజు తెల్లవారుజామున వంజంగి కొండ ఎక్కాలి, కింద లోయలో మబ్బుల సముద్రం చూడ్డానికి. పాడేరు నుంచి 4 గంటలకే బయల్దేరి, కొంత దూరం బండి, మిగతాది నడక, ఐదున్నరకల్లా పైన ఉండాలి. టార్చి, పట్టున్న బూట్లు, చలికోటు తప్పనిసరి. మబ్బుల సముద్రం రోజూ రాదు. రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి కదలకుండా, నేలలో తేమ ఉంటే చల్లగాలి లోయలోకి జారి మబ్బుగా పేరుకుంటుంది. గాలి వీచిందా, చెదిరిపోతుంది. రాత్రంతా మబ్బు కమ్మితే నేల సరిగ్గా చల్లబడదు. వానలు వెనకబట్టాక అక్టోబరు చివర నుంచి జనవరి దాకా అవకాశం ఎక్కువ. కనపడకపోతే గైడుని తిట్టకండి.

'ఆంధ్రా కశ్మీరు' అని పిలిచే లంబసింగిలో "మంచు కురుస్తోంది" అని వీడియో పెట్టేవాళ్లతో నాకు వేరే పేచీ ఉంది. తెలుగులో పొగమంచూ మంచే, కశ్మీరులో కురిసేదీ మంచే. ఆ ఒక్క మాట మీద ఎంత వ్యాపారం జరుగుతోందో! లంబసింగిలో ఉండేది దట్టమైన పొగమంచు, బాగా చలి పడ్డ రోజున గడ్డి మీద, బండి సీట్ల మీద గడ్డకట్టే మంచుపొర. అదీ తెల్లవారుజామునే. తొమ్మిది గంటలకి తీరిగ్గా వెళ్లి "ఏదీ కశ్మీరు?" అంటే ఏం చెప్తాం?

తుపాను, అల్పపీడనం వార్తలుంటే ట్రిప్పు వాయిదా వేయండి. కొండచరియలు విరిగిపడితే రైళ్లు ఆగిపోతాయి. సంక్రాంతి, జనవరి 1, కార్తీక మాసపు ఆదివారాలు వదిలేసి మంగళ, బుధ వారాలు పెట్టుకుంటే జనం పలచగా ఉంటారు. ఘాటులో వాంతులయ్యేవాళ్లని ముందు సీట్లో కూర్చోబెట్టండి. మాత్ర వేసుకునేట్టయితే ఘాటు మొదలవడానికి కనీసం అరగంట ముందే వేసుకోవాలి, మలుపుల్లో మింగితే అదీ బయటికే వస్తుంది. పిల్లలకి మాత్రం డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దు.

తిరుగు ప్రయాణం వచ్చిన దారిన వద్దు. పాడేరు నుంచి చోడవరం మీదుగా దిగితే ఇంకో ఘాటు చూసినట్టవుతుంది, వైజాగ్ కూడా చేరిపోతారు. దిగేటప్పుడు బండిని రెండో గేరులోనే ఉంచమని డ్రైవరుకి చెప్పండి. బ్రేకు మీదే కాలు పెట్టి దింపితే లైనింగు వేడెక్కి పట్టు తగ్గుతుంది. కాలిన వాసన వస్తే పక్కకి ఆపి పావుగంట చల్లారనివ్వాలి, దాని మీద నీళ్లు పోయకూడదు. చీకటి పడకముందే మైదానంలోకి దిగేలా మధ్యాహ్నం రెండింటికల్లా పాడేరు వదిలేయండి.