ఆక్సీమీటర్‌కు నిద్ర కనిపించదు

గాజువాకలో ఉండే మా వదిన ఈమధ్య ఒక సందేహం అడిగారు. ఉక్కు కర్మాగారంలో షిఫ్టుల్లో పనిచేసే అన్నయ్య గురక ఉన్నట్టుండి ఆగిపోతోందనీ, కాసేపటికి ఉలిక్కిపడి గట్టిగా ఊపిరి తీస్తున్నారనీ, కొవిడ్ నాడు కొన్న ఆక్సీమీటర్ వేలికి పెట్టి చూస్తే జబ్బు తేలిపోదా అనీ ఆమె ప్రశ్న.

అడగదగిన ప్రశ్నే. నిద్రలో ఊపిరి పదేపదే ఆగిపోయే జబ్బును స్లీప్ ఆప్నియా అంటారు. అది ఉన్నవారిలో చాలామందికి నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోతుంది. గాలి కనీసం 10 సెకన్లు ఆగితే దాన్ని ఒక ఆప్నియాగా లెక్కిస్తారు. అప్పుడు రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు తట్టి లేపగానే మళ్లీ పెరుగుతుంది. ఇదే పదేపదే జరిగితే రాత్రంతా నమోదైన గ్రాఫు రంపపు పళ్లలా కనిపిస్తుంది. అయితే ఊపిరితిత్తుల్లోని మార్పు వేలి కొస దాకా చేరడానికి సమయం పడుతుంది. ఊపిరి ఆగిన క్షణంలో వదిన తెర చూస్తే ఆక్సిజన్ 96 శాతం అని కనిపించవచ్చు. ఆయన మళ్లీ గాలి పీల్చుకున్నాక అది 88కి దిగవచ్చు. అంటే కంగారు పడాల్సినప్పుడు ధీమా, ధీమాగా ఉండాల్సినప్పుడు కంగారు!

కాబట్టి కావలసింది రాత్రంతా నమోదు చేసే పరికరం, అదీ కొద్ది సెకన్ల అంకెలకు మాత్రమే సగటు తీసి చూపేది. సగటు వ్యవధి పెరిగితే రంపపు పళ్లు అరిగిపోయి చిన్న తగ్గుదలలు లెక్కలోకి రావు. ఆక్సిజన్ 3 శాతం తగ్గితే లెక్కించే పద్ధతి ఒకటి, 4 శాతం తగ్గితేనే లెక్కించేది మరొకటి. ఏది వాడారో రాయని రిపోర్టును నమ్మలేమని నా అభిప్రాయం.

అసలు చిక్కు నిద్ర దగ్గర వస్తుంది. ల్యాబులో చేసే పూర్తిస్థాయి పరీక్షలో మెదడు తరంగాలు, కళ్ల కదలికలు, గాలి రాకపోకలు కూడా నమోదవుతాయి. ఆక్సీమీటర్‌కు మాత్రం మనిషి పడుకున్నాడో మేలుకున్నాడో తెలియదు. నైట్ షిఫ్టు దిగి వచ్చిన అన్నయ్య పరికరంతో 8 గంటలు మంచం మీద ఉండి, వీధి చప్పుళ్ల మధ్య 5 గంటలే నిద్రపోయారనుకుందాం. 90 తగ్గుదలలు నమోదైతే, 8తో భాగించినప్పుడు గంటకు 11, 5తో భాగించినప్పుడు 18. శ్వాస అవరోధాలు గంటకు 5 నుంచి 15 లోపైతే స్వల్పమనీ, 15 నుంచి 30 లోపైతే మధ్యస్థమనీ, 30 గానీ అంతకు మించి గానీ ఉంటే తీవ్రమనీ వైద్యుల లెక్క. ఆ కొలమానాన్నే ఇక్కడ వాడితే, ఒకే మనిషి ఒకే నిద్రలో రెండు వర్గాల్లో పడతాడు.

పాడేరు, అరకు వైపు నుంచి విశాఖలోని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కు వచ్చే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) రోగుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. వారి హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టి ఉంచే తీరే వేరు కనుక, ఏ అవరోధమూ లేకుండానే అంకె తక్కువగా ఉండవచ్చు. మరోవైపు, ఆక్సిజన్ పెద్దగా తగ్గకముందే మెలకువ వచ్చేసే వారి గ్రాఫు నున్నగా ఉంటుంది, నిద్ర మాత్రం ముక్కలవుతూనే ఉంటుంది.

అందుకే, లక్షణాలు బలంగా ఉండి గ్రాఫు కూడా రంపంలా ఉన్నవారిని స్లీప్ ల్యాబు వరుసలో ముందుకు జరపాలి. మంచి గ్రాఫు వచ్చిందన్న ఒక్క కారణంతో లక్షణాలున్న వారిని ఇంటికి పంపకూడదు. వదినకు మాత్రం, అన్నయ్య ఎప్పుడు కునుకు తీశారో, ఎప్పుడెప్పుడు లేచారో ఒక కాగితం మీద రాసి గ్రాఫుతో పాటు డాక్టరుకు చూపించమన్నాను.