“ఎప్పుడొస్తావ్?” అని అడగడం ఆపండి

దెబ్బ తగిలి ఇంట్లో కూర్చున్న ఆటగాడికి మొదటి వారంలోనే ఎదురయ్యే ప్రశ్న ఇది. టీమ్ గ్రూపులో స్నేహితులు అడుగుతారు, కోచ్ ఫోన్ చేసి అడుగుతాడు, పిల్లలకు తగిలితే అమ్మానాన్నలు డాక్టర్ ముందు కూర్చోగానే అదే అడుగుతారు. ఎవరికీ చెడు ఉద్దేశం ఉండదు. కానీ ఆ మాట చెవిన పడ్డాక దెబ్బ తగిలినవాడు రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెడతాడు, కాలి సంగతి పట్టించుకోవడం మానేస్తాడు. ఆటల్లో గాయాల గురించి ఎవరెన్ని జాగ్రత్తలు చెప్పినా ఈ ఒక్క ప్రశ్న దగ్గరే అవన్నీ గాలికి పోతున్నాయని మా అభిప్రాయం.

చీలమండ బెణుకునే చూడండి. షటిల్ ఆడుతూ ఎగిరి కొడతారు, దిగేటప్పుడు పక్కవాడి బూటు మీద కాలు పడుతుంది, పాదం లోపలికి మడతపడుతుంది, బయటివైపు లిగమెంటు, అంటే ఎముకల్ని కలిపి ఉంచే పట్టీ, సాగుతుంది, ఒక్కోసారి కొంత తెగుతుంది కూడా. సాయంత్రానికి కోడిగుడ్డంత వాపు. దెబ్బ తగలగానే నాలుగడుగులు కూడా వేయలేకపోయినా, చీలమండకు రెండువైపులా ఉండే ఎముక గుబ్బల వెనక అంచున నొక్కితే ప్రాణం పోయినంత పనైనా, బెణుకేలే అని సరిపెట్టుకోకుండా ఎక్స్‌రే తీయించుకోవాలి. అంత లేకపోతే పది రోజుల్లో వాపు తీస్తుంది, మామూలుగా నడిచేస్తారు, ఇంకేముంది, రాకెట్ పట్టుకుని బయల్దేరతారు.

బయల్దేరే ముందు ఒక పని చేయండి. గోడకు దగ్గరగా నిలబడి ముందు మంచి కాలి మీద ఒంటికాలిపై నిలుచుని కళ్లు మూసుకోండి, తర్వాత బెణికిన కాలి మీద అదే చేయండి. చాలామందికి ఈ రెండోసారి కొద్ది సెకన్లకే పాదం అటూ ఇటూ ఊగిపోయి గోడ పట్టుకోవాల్సి వస్తుంది. పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు కబురు పంపే నరాల కొసలు లిగమెంటులోనూ ఉంటాయి, వాపు తగ్గినంత మాత్రాన ఆ కబురు మళ్లీ సరిగ్గా అందుతుందని లేదు. అందుకే ఒకసారి బెణికిన చీలమండే మళ్లీ మళ్లీ బెణుకుతుంది. దీనికి మందు రోజూ కాసేపు ఆ ఒంటికాలి సాధనే, కానీ నొప్పి లేనప్పుడు దాన్ని చేసేవాళ్లు ఎంతమంది?

అసలు గాయం కాకుండా చూసుకోవడానికి మనం చేసేదేమిటి? గ్రౌండ్‌లోకి రాగానే వంగి కాలివేళ్లు ముట్టుకోవడం, రెండు నిమిషాలు కాళ్లు సాగదీయడం, ఆట మొదలెట్టేయడం. ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1,538 మందితో చేసి 2000లో ప్రచురించిన పరీక్షలో, కసరత్తుకు ముందు ఇలా సాగదీయడం వల్ల కాళ్ల గాయాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని తేలింది. దీనికి పక్కన నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఫుట్‌బాల్ అమ్మాయిలతో చేసి 2008లో ప్రచురించిన అధ్యయనాన్ని పెట్టి చూడండి. ఫిఫా 11 ప్లస్ అనే ఇరవై నిమిషాల వార్మప్‌ను నిజంగా అమలుచేసిన జట్లలో గాయాలు మూడోవంతు, తీవ్రమైనవైతే సగం దాకా తగ్గాయి. అందులో మాయమంత్రాలేవీ లేవు. మెల్లగా పరుగు, ప్లాంక్, స్క్వాట్, ఒంటికాలి బ్యాలెన్స్, ఎగిరి దిగేటప్పుడు మోకాలు లోపలికి వాలకుండా దిగడం, చివర్న కాస్త వేగంగా పరుగు. ఇంకోటి, మోకాళ్ల మీద కూర్చుంటే వెనక నుంచి ఒకరు మడమలు పట్టుకుంటారు, నడుము వంచకుండా ఒళ్లంతా వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలాలి. తొడ వెనక కండరం, అదే హామ్‌స్ట్రింగ్, పట్టేయకుండా కాపాడటంలో దీనికి మంచి పేరుంది, దీన్ని చేర్చుకున్న జట్లలో ఆ గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. మొదటి వారం తొడలు వాచిపోయినట్టుంటాయి కాబట్టి అందరూ దీన్నే ముందు వదిలేస్తారు. ఇరవై నిమిషాలకు టైమ్ లేదనే కోచ్‌కు అదే కుర్రాణ్ని ఆరు నెలలు బయట కూర్చోబెట్టడానికి మాత్రం టైమ్ ఎక్కణ్నుంచో పుట్టుకొస్తుంది!

కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లకు ఇంకో చిక్కు. ఆయాసం కొన్ని వారాల్లోనే తగ్గుతుంది, కానీ కండరాల్ని ఎముకలకు కలిపే స్నాయువులు, ఎముకలు బరువుకు అలవాటుపడటానికి నెలలు పడుతుంది. దమ్ము ముందొస్తుంది, కాలు వెనకబడుతుంది, మనం దమ్ము మాటే వింటాం. పరుగును వారానికి పది శాతం కంటే పెంచొద్దనే సూత్రం చాలా ప్రచారంలో ఉంది కానీ, నెదర్లాండ్స్‌లో కొత్త రన్నర్ల మీద పరీక్షించి 2008లో ప్రచురించిన అధ్యయనంలో దానివల్ల పెద్ద తేడా కనబడలేదు. సూత్రాన్ని పట్టుకు వేలాడే కంటే, ఒక్కసారిగా రెట్టింపు దూరం పరిగెత్తే ఉత్సాహాన్ని అదుపులో పెట్టుకోవడం నయం. ముంగాలి ఎముక మీద ఒక్క వేలితో చూపించగలిగేంత చోట నొప్పి ఉండి, పరిగెత్తేకొద్దీ పెరుగుతుంటే, ఎముకకు సన్నని పగులు వచ్చి ఉండొచ్చు, ఆ రోజే ఆపి చూపించుకోవాలి. పిల్లల విషయంలో నిపుణులు చెప్పే లెక్క తేలిక. వాళ్ల వయసెంతో వారానికి శిక్షణ గంటలు అంతకు మించకూడదు.

ఇక తిరిగి రావడం. మోకాలి ఏసీఎల్ లిగమెంటుకు ఆపరేషన్ చేయించుకున్న 106 మందిని గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. తొమ్మిది నెలల దాకా ఆటను ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మోకాలు మళ్లీ దెబ్బతినే రేటు సుమారు సగం చొప్పున తగ్గుతూ వచ్చింది. కాబట్టి క్యాలెండర్ బొత్తిగా పనికిరాదని మేమనడం లేదు. కాకపోతే తొమ్మిది నెలలు గడిచినా తొడ ముందు కండరం బలం రెండో కాలితో పోలిస్తే తొంభై శాతమైనా లేకపోతే ఆగాల్సిందే.

జస్‌ప్రీత్ బుమ్రా 2022లో వెన్ను గాయం నుంచి సెప్టెంబరులో తిరిగొచ్చి ఆస్ట్రేలియాపై రెండు టీ20లు ఆడాడు, మళ్లీ వెన్నే ఆపేసింది, ప్రపంచకప్ పోయింది. 2023 జనవరిలో వన్డే జట్టులో పేరు చేర్చారు, తీసేశారు. తర్వాత ఆపరేషన్. ఆగస్టులో ఐర్లాండ్ మీద కెప్టెన్‌గా దిగి మొదటి ఓవర్లోనే రెండు వికెట్లు తీశాడు. మొదట్లో తొందరపడ్డారా లేదా అన్నది బయటి నుంచి మేం తేల్చలేం, కానీ పక్కన ఫిజియోల దండు ఉన్నవాడికే అన్ని నెలలు పట్టిందని మాత్రం గుర్తుంచుకోవచ్చు.

మామూలు మనిషికి దారి ఇంత. అరగంట నొప్పి లేకుండా నడవాలి, తర్వాత ఒక నిమిషం పరుగు ఒక నిమిషం నడక, తర్వాత తిన్నగా పరుగు, మలుపులు, గెంతడం, ప్రాక్టీసు, చివర్న మ్యాచ్. పదికి రెండు మూడు మార్కులంత నొప్పి వచ్చి మర్నాటికి సద్దుమణిగితే ఫర్వాలేదు. పొద్దున లేచేసరికి వాపో, బిగుసుకుపోవడమో ఉంటే ఒక మెట్టు వెనక్కి దిగాలి. ఆటకు ముందు పెయిన్ కిల్లర్ వేసుకుని ఈ మెట్లు ఎక్కేస్తామనేవాళ్లు తమకు కబురు చెప్పే ఒక్క నోటినీ తామే నొక్కేసుకుంటున్నారు.

తలకు దెబ్బ తగిలితే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టాలి. కంకషన్, అంటే దెబ్బకు మెదడు అదిరిందన్న అనుమానం వచ్చిందా, ఆ రోజుకు ఆట అయిపోయింది. “బాగానే ఉన్నాను” అని ఆటగాడు చెప్పినా నమ్మొద్దు, చెబుతున్నది దెబ్బతిన్న మెదడే. ఒకటి రెండు రోజులు తేలికపాటి పనులతో విశ్రాంతి, ఆ తర్వాత ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు, మళ్లీ ఢీకొట్టే ఆట ఆడాలంటే ముందు డాక్టర్ అనుమతి. పదే పదే వాంతులు, పెరిగిపోయే తలనొప్పి, మగత, ఫిట్స్ కనిపిస్తే ఒక్క క్షణం ఆగకుండా ఆసుపత్రికి.

కోచ్‌లకు, జట్టు సభ్యులకు, తల్లిదండ్రులకు మేం అడిగేదొక్కటే. ఈసారి ఫోన్ చేసినప్పుడు “ఏం చేయగలుగుతున్నావ్?” అని అడగండి. ఒంటికాలి మీద మడమ ఎన్నిసార్లు పైకి లేపగలుగుతున్నావ్, రెండో కాలు ఎన్నిసార్లు లేపుతోంది అని అడగండి. మంచి కాలు ఇరవై, దెబ్బ తగిలిన కాలు పదకొండు అని జవాబొస్తే ఆదివారం గ్రౌండ్‌కు తప్పకుండా రమ్మనండి, స్కోరు రాసేవాళ్లు ఎప్పుడూ తక్కువే కదా.