కిట్టు కాదు, మీటరు పంపండి

అమలాపురంలోనో రాజోలులోనో ఉన్న మేనల్లుడికి ఇక్కడి నుంచి, అంటే విదేశం నుంచి, గిటారు పెడల్ (గిటారు శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే పెట్టె) కిట్టు పంపుతాం. వాడు టంకం పెట్టి బిగిస్తాడు. శబ్దం రాదు. "మావయ్యా, ఐసీ (చిప్పు) పోయినట్టుంది" అని ఫోను. మనం ఇంకో ఐసీ పంపుతాం. ఈ అలవాటు మానాలని నా గట్టి అభిప్రాయం. కొత్త బోర్డులో ఐసీ దానంతటది పోవడం అరుదు. టంకమో, తిరగబడ్డ కాళ్లో కారణమవుతాయి. వాటిని పట్టిచ్చేది వోల్టేజీ కొలిచే మల్టీమీటరు. పార్సిల్లో ముందు అదుండాలి.

కొలిచేముందు ఇన్‌పుట్ జాక్‌లో గిటారు కేబుల్ పెట్టాలి. చాలా పెడళ్లలో బ్యాటరీ మైనస్ స్టీరియో జాక్ రింగుకు కలిపి ఉంటుంది, ప్లగ్గు దూరితేనే కరెంటు. అది తెలియకపోతే అన్నిచోట్లా సున్నాయే కనిపిస్తుంది. ఇక మీటరు నల్ల తీగ గ్రౌండుకు, ఎర్రది ఐసీ కాళ్లకు. పెడళ్లలో వాడే టీఎల్072 ఐసీ అయితే 8వ కాలి మీద 9 వోల్టులు, 4వ దాని మీద సున్నా; 1, 7 కాళ్ల మీద 4.5 రావాలి. 3వ కాలు 4.1 చూపిస్తే కంగారొద్దు: 1 మెగాఓం రెసిస్టర్ గుండా వచ్చే వోల్టేజీని లోపల 10 మెగాఓంల నిరోధం ఉన్న మీటరే అంత కిందికి లాగుతుంది. 1వ కాలు 9 దగ్గరో సున్నా దగ్గరో అతుక్కుపోతే, సగం వోల్టేజీ తయారుచేసే జంట రెసిస్టర్ల టంకం చూడండి.

ట్రాన్సిస్టర్ పెడలైతే, చదును ముఖం మనవైపు, కాళ్లు కిందికి పట్టుకోండి. బీసీ547కి ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. 2ఎన్3904కి సరిగ్గా తిరగేసి. రాజమండ్రి కొట్లో ఒకటి దొరక్క రెండోది తెస్తే తిప్పి పెట్టాలి.

వోల్టేజీలన్నీ బాగుండి కూడా మూగగా ఉంటే ఆడియో ప్రోబు చేసుకోవాలి. పాత కేబుల్ ఒక చివర కోసి, లోపలి తీగకు 100 నానోఫారడ్ కెపాసిటర్, పై అల్లిక తీగ బోర్డు గ్రౌండుకు. రెండో చివర యాంపుకి (శబ్దం పెంచి వినిపించే పెట్టెకు), వాల్యూమ్ బాగా తగ్గించి. ఫోనులో పాట ఇన్‌పుట్‌కి ఇచ్చి, కెపాసిటర్ కాలితో ఒక్కో పార్టూ తాకుతూ పోతే పాట ఎక్కడ ఆగిందో తప్పు అక్కడే. (ఇది 9 వోల్టుల పెడళ్లకే. వాల్వు యాంపుల లోపల వందల వోల్టులుంటాయి, అందులో పెట్టొద్దు.)

అంతర్వేది వైపు ఉప్పుగాలికి జాకులు చిలుము పడతాయి. బోర్డు మీద మిగిలిన ఫ్లక్స్ (టంకం అతుక్కోడానికి వాడే జిగురు) మరక వానాకాలం తేమ పీల్చుకుంటే 1 మెగాఓం దగ్గర కరెంటు కారి చిటపటలు మొదలవుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్ పెట్టి కడిగి, పూర్తిగా ఆరాకే డబ్బాలో బిగించమనండి.

అడాప్టరు కూడా పంపుతుంటే దాని మీద 100–240 అని ఉందో లేదో చూడండి. మన 120 వోల్టులది అక్కడి 230కి మాడిపోతుంది. అడాప్టరు పిన్ను లోపలి భాగం మైనస్ అయి ఉండాలి, పెడళ్లకు మామూలుగా కావాల్సింది అదే.